‘నాకు చలిగా ఉంది’: ఉక్రేనియన్ క్రియావిశేషణాల్లో తెలుగు పోలికలు, రష్యన్ నీడలు

ఉక్రెయిన్ ఆస్పత్రిలో రోగి మంచం పక్కన నిలబడిన వైద్య విద్యార్థికి ముందుగా వినిపించేవి జబ్బుల పేర్లు కావు. ‘మెనీ ఖోలొద్నొ’, ‘మెనీ బోల్యచె’, ‘మెనీ వాజ్కొ దీఖతి’ లాంటి చిన్న చిన్న మాటలు. నాకు చలిగా ఉంది, నాకు నొప్పిగా ఉంది, నాకు ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది అని వాటి అర్థం. మర్నాడు అదే రోగి ‘మెనీ క్రాష్చె’ అంటే కాస్త నయమని, ‘మెనీ హీర్షె’ అంటే నిన్నటికంటే బాగాలేదని. చికిత్స మార్చాలా, కొనసాగించాలా అన్న నిర్ణయానికి ఆ ఒక్క మాట ఆధారం కావచ్చు.

ఖోలొద్నొ, బోల్యచె, వాజ్కొ, క్రాష్చె, హీర్షె... ఇవన్నీ వ్యాకరణంలో ఒకే కోవకు చెందినవి. వాటిని తెలుగులో క్రియావిశేషణాలు అంటాం.

2022లో రష్యా దాడి మొదలయ్యే నాటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లిన ఎంతోమంది విద్యార్థులు ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్‌తో సమానమైన కోర్సు చదువుతున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 26న మొదలైన ‘ఆపరేషన్ గంగ’లో భారత ప్రభుత్వం వెనక్కి తీసుకొచ్చిన వేలాది మందిలో వారూ ఉన్నారు. అక్కడ వారి పాఠాలు ఇంగ్లిష్‌లో సాగినా, రోగులు మాత్రం తమ భాషలోనే మాట్లాడతారు. పశ్చిమాన తెర్నోపిల్, ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ వంటి నగరాల్లో అది ఉక్రేనియన్. తూర్పున ఖార్కివ్, దక్షిణాన జపొరీజియా వైపు చాలామంది నోట రష్యన్ లేదా రెండూ కలిసిన భాష. ఏ భాషదో గుర్తుపట్టడానికి పెద్ద వాక్యం అక్కర్లేదు. ‘చాలా’ అనడానికి ‘దూజె’ అన్నారా, ‘ఓచెన్’ అన్నారా అన్నది వింటే సగం తెలిసిపోతుంది.

మారే భాషలో మారని మాట

ఉక్రేనియన్‌లో నామవాచకానికి సంబోధనతో కలిపి ఏడు విభక్తులు. లింగం మూడు రకాలు. విశేషణం తాను వర్ణించే నామవాచకం వెంట నడుస్తూ లింగం, వచనం, విభక్తిని బట్టి రూపం మార్చుకుంటుంది. క్రియకు పురుష, వచన, కాల భేదాలు ఉంటాయి, భూతకాలంలో లింగభేదం కూడా. కొత్తగా నేర్చుకునేవారికి ప్రతి మాటా పరీక్షే.

ఈ గందరగోళంలో స్థిరంగా ఉండేది క్రియావిశేషణం ఒక్కటే. ‘ష్విద్కొ’ అంటే వేగంగా. పరుగెత్తింది అబ్బాయైనా, అమ్మాయైనా, నిన్నైనా, రేపైనా అది ‘ష్విద్కొ’గానే ఉంటుంది. సంస్కృత వ్యాకరణం ఇలాంటి పదాలను ‘అవ్యయాలు’ అంది. ఉక్రేనియన్‌లో క్రియావిశేషణాన్ని ‘ప్రిస్లీవ్నిక్’ అంటారు. మాటను అంటిపెట్టుకుని ఉండేది అని చెప్పుకోవచ్చు. లాటిన్ వ్యాకరణ పదాన్ని చూసి కట్టుకున్న పేరిది.

మారదు కాబట్టి సులువని అనిపిస్తుంది. కానీ ఒకప్పుడు మారిన మాటలే అక్కడికి వచ్చి గడ్డకట్టాయి. వాటిని విప్పి చూస్తే ఉక్రేనియన్ ఎలా పెరిగిందో, పొరుగున ఉన్న పెద్ద భాష దాన్ని ఎక్కడెక్కడ ఒత్తిందో రెండూ కనిపిస్తాయి.

‘గా’ చేసే పనే ‘ఒ’ చేస్తుంది

తెలుగులో ‘వేగం’ పక్కన ‘గా’ చేరిస్తే ‘వేగంగా’ అవుతుంది. ఉక్రేనియన్‌లో ‘ష్విద్కియ్’ అనే విశేషణం చివర మార్చి ‘ఒ’ పెడితే ‘ష్విద్కొ’. ‘తెప్లియ్’ అంటే వెచ్చని, ‘తెప్లొ’ అంటే వెచ్చగా. ‘తీఖియ్’ నిశ్శబ్దమైన, ‘తీఖొ’ నిశ్శబ్దంగా. కొన్నింటికి ‘ఒ’ బదులు ‘ఎ’ వస్తుంది. ‘దోబ్రియ్’ నుంచి ‘దోబ్రె’ అంటే బాగా. ‘హర్యాచియ్’ నుంచి ‘హర్యాచె’ అంటే వేడివేడిగా.

ఈ ‘ఒ’ ఆకాశం నుంచి ఊడిపడిన ప్రత్యయం కాదు. పాత స్లావ్ భాషల్లో విశేషణానికి ఉన్న నపుంసకలింగ రూపం అలాగే నిలిచిపోయి క్రియావిశేషణమైంది. తెలుగు ‘గా’ చరిత్రా ఇలాంటిదే. ‘అగు’ ధాతువు నుంచి పుట్టిన రూపం అరిగి అరిగి ప్రత్యయంలా మిగిలింది. ‘వేగంగా’ అనేటప్పుడు అందులో ఒక క్రియ ఉందని ఎవరికీ తోచదు. ‘ష్విద్కొ’ అనేటప్పుడు అందులో పాత లింగం ఉందని ఉక్రేనియన్లకూ తోచదు.

‘దూజె’ దగ్గర ఇంకో పోలిక ఉంది. ఇంగ్లిష్‌లో ‘వెరీ’ని నేరుగా క్రియకు తగిలించడం కుదరదు. ఉక్రేనియన్ ‘దూజె’కు ఆ ఇబ్బంది లేదు. ‘దూజె ద్యాకుయు’ అంటే చాలా కృతజ్ఞతలు అన్నట్టే గానీ, అక్కడ ఉన్నది ‘కృతజ్ఞత చెబుతున్నాను’ అనే క్రియ. ‘చాలా ఏడ్చింది’, ‘చాలా తిరిగాం’ అనే తెలుగువారికి ఇది వింతగా అనిపించదు.

చలి ‘నాకు’ కలిగేది

తెలుగువారికి అన్నిటికంటే దగ్గరగా అనిపించేది వ్యాసం మొదట్లో రోగి చెప్పిన వాక్యమే. ‘మెనీ ఖోలొద్నొ’లో ‘మెనీ’ అంటే ‘నాకు’. ‘ఖోలొద్నొ’ అంటే ‘చలిగా’. వర్తమానంలో ‘ఉంది’ అనే మాట చెప్పనక్కర్లేదు. మొత్తం వాక్యం ‘నాకు చలిగా’.

ఇంగ్లిష్‌లో ఆలోచించి ‘ఐ యామ్ కోల్డ్’ను మాటకు మాట మార్చి ‘యా ఖొలోద్నియ్’ అంటే అర్థం దారి తప్పుతుంది. అప్పుడు మనిషి తాకితే చల్లగా ఉన్నాడనో, ఆప్యాయత లేని మనిషనో అవుతుంది. ‘నాకు చలిగా ఉంది’, ‘నేను చల్లగా ఉన్నాను’ అనే రెండు తెలుగు వాక్యాల మధ్య ఉన్న తేడాయే ఇది. ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగు నుంచి నేరుగా వెళితే ఈ తప్పు జరగదు.

ఇలాంటి వాక్యాలు కోకొల్లలు. ‘మెనీ సూమ్నొ’ నాకు దిగులుగా ఉంది. ‘మెనీ సోరొమ్నొ’ నాకు సిగ్గుగా ఉంది. ‘మెనీ దూష్నొ’ నాకు ఉక్కగా ఉంది. ‘మెనీ త్సికావొ’ నాకు ఆసక్తిగా ఉంది. మనిషి తాను చేసే పని అయితే కర్త ప్రథమా విభక్తిలో ఉంటుంది. మనిషికి తోచేది, కలిగేది, ఒంటికి తగిలేది అయితే ‘కు’ విభక్తిలోకి వెళుతుంది. తెలుగులోనూ అంతే.

కాలం మారితే ‘ఉండు’ అనే క్రియ బయటికి వస్తుంది. ‘మెనీ బులో ఖోలొద్నొ’ అంటే నాకు చలిగా ఉండింది. చెప్పేది పురుషుడైనా స్త్రీ అయినా ఇక్కడ ‘బులో’ అనే నపుంసకలింగ రూపమే వస్తుంది. తెలుగులోనూ ‘నాకు చలిగా ఉన్నాడు’ అనం కదా. కర్తలా కనిపించే మనిషి వ్యాకరణంలో కర్త కాకపోవడమే రెండు చోట్లా కారణం.

ఈ పదాలను ఏమనాలన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రూపాన్ని బట్టి అవి క్రియావిశేషణాలు, కానీ వాక్యంలో క్రియ చేయాల్సిన పని చేస్తున్నాయి. రష్యన్ గురించి రాస్తూ భాషావేత్త లెవ్ షెర్బా 1928లో వీటిని ‘స్థితిని తెలిపే పదాలు’గా వేరుచేయాలని ప్రతిపాదించారు. ఉక్రేనియన్ వ్యాకరణాల్లోనూ ఆ చర్చ ఉంది. వార్డులో నిలబడిన విద్యార్థికి మాత్రం పేరుతో పని లేదు. ‘మెనీ’ తర్వాత వచ్చే మాటను పట్టుకుంటే రోగి పరిస్థితి చేతికి అందుతుంది.

నయమా, ముదిరిందా

తెలుగులో ‘బాగా’కు తరతమ రూపాలు లేవు. ‘నిన్నటికంటే బాగా’, ‘అందరికంటే బాగా’ అని పోలికను బయట చెప్పాలి. ఉక్రేనియన్‌లో పోలిక మాటలోనే ఇమిడి ఉంటుంది. ‘ష్విద్కొ’ వేగంగా, ‘ష్విద్షె’ మరింత వేగంగా, ‘నయ్‌ష్విద్షె’ అన్నిటికంటే వేగంగా. ముందు ‘నయ్’ చేరితే అది ఆఖరి మెట్టు. దాని ముందు మళ్లీ ‘యక్’ చేరితే ‘యక్‌నయ్‌ష్విద్షె’, అంటే వీలైనంత త్వరగా. అంబులెన్స్‌ను పిలిచేటప్పుడు వాడే మాట ఇది.

బాగా వాడకంలో ఉన్నవి మాత్రం ఈ సూత్రానికి లొంగవు. ‘దోబ్రె’ (బాగా) నుంచి ‘క్రాష్చె’, ‘పొహానొ’ (బాగోలేకుండా) నుంచి ‘హీర్షె’, ‘బహాతొ’ (ఎక్కువ) నుంచి ‘బీల్షె’, ‘మాలొ’ (తక్కువ) నుంచి ‘మెన్షె’. మూలానికీ, పోలిక రూపానికీ పోలిక లేదు. బట్టీ పట్టాల్సిందే. ఈ నాలుగు జంటలు వస్తే రోగితో సగం సంభాషణ నడుస్తుంది. నొప్పి తగ్గిందా పెరిగిందా, తిండి ఎక్కువ తిన్నారా తక్కువ తిన్నారా, రాత్రి నిద్ర బాగా పట్టిందా అని అడగడానికీ, జవాబు అర్థం చేసుకోవడానికీ ఇవే ఆధారం.

ఇల్లు, పొద్దు, రుతువు

మరో పెద్ద గుంపు నామవాచకాల నుంచి వచ్చింది. విభక్తితో, ముందున్న ఉపసర్గతో సహా గడ్డకట్టి ఒకే మాటైపోయిన రూపాలివి. ‘స్యొహోద్ని’ అంటే ఈరోజు. పాత రోజుల్లో అది ‘స్యొహో’ (ఈ), ‘ద్న్యా’ (రోజు) అనే రెండు మాటలు. తెలుగు ‘ఈరోజు’ కూడా రెండు మాటలు కలిసినదే. ‘జారజ్’ అంటే ఇప్పుడు. విడదీస్తే ‘ఒక్క సారికి’ అన్నట్టు ఉంటుంది. రష్యన్‌లో ఇప్పుడు అనడానికి ‘సిచాస్’ అంటారు. అది ‘ఈ గంట’ అనే అర్థం నుంచి వచ్చింది. ఒకే భావానికి రెండు భాషలు రెండు వేరు దారులు పట్టాయి.

‘రానొక్’ అంటే ఉదయం, ‘వ్రాన్‌త్సి’ అంటే పొద్దున్నే. ‘నిచ్’ అంటే రాత్రి, ‘వ్నొచీ’ అంటే రాత్రిపూట. వసంతంలో ‘నవెస్నీ’, వేసవిలో ‘వ్లీత్కు’, శరదృతువులో ‘వొసెనీ’, చలికాలంలో ‘వ్జీమ్కు’. నాలుగింటికీ ఒకే మూస లేదు. కారణం చరిత్రే. నాలుగూ వేర్వేరు నామవాచక రూపాల నుంచి వచ్చి ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఎక్కువ తప్పులు దొర్లేది వీటి రాతలోనే. ‘దొదోము’ కలిపి రాస్తే ‘ఇంటికి’ అనే క్రియావిశేషణం. ‘దొ దోము’ అని విడదీస్తే ‘ఆ ఇంటి దాకా’ అనే అర్థంలో నామవాచకం. వినడానికి రెండూ ఒకటే. ‘నపామ్యత్’ కలిపితే కంఠతా, ‘న పామ్యత్’ విడదీస్తే జ్ఞాపకార్థం. పద్యం కంఠతా వచ్చినవారూ, పెన్ను జ్ఞాపకార్థం ఇచ్చినవారూ పలికేది ఒకే ధ్వని. అక్కడి బడుల్లో దీనికి ఒక చిట్కా చెబుతారు. మధ్యలో ఒక విశేషణం చొప్పించి చూడాలి. ‘దొ రీద్నొహొ దోము’, అంటే సొంత ఇంటి దాకా, అని చొప్పించగలిగితే అది ఇంకా నామవాచకమే కాబట్టి విడిగా రాయాలి. చొప్పించడం కుదరకపోతే అది గడ్డకట్టిన మాట, కలిపి రాయాలి.

శరీర భాగాలూ ఇలాగే గడ్డకట్టాయి. ‘రుకా’ అంటే చేయి. ‘ప్రవోరుచ్’ అంటే కుడివైపు, ‘లివోరుచ్’ అంటే ఎడమవైపు. రెండింటిలోనూ చేయి దాగి ఉంది. దారి చెబుతూ ‘కుడిచేతి వైపు తిరగండి’ అనే తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ‘బోసొనిజ్’ అంటే చెప్పుల్లేకుండా, అందులో కాలు ఉంది. ‘ప్లిచ్-ఒ-ప్లిచ్’ అంటే భుజం భుజం కలిపి. ‘విచ్-న-విచ్’ అంటే ముఖాముఖి, అందులో ఉన్నది ‘కన్ను’కు సంబంధించిన పాత రూపం.

ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడినుంచి

ఇంగ్లిష్‌లో ‘వేర్’ అనే ఒక్క మాటతో సరిపెట్టేచోట ఉక్రేనియన్ మూడు మాటలు వాడుతుంది. ‘దె’ ఎక్కడ, ‘కుదీ’ ఎక్కడికి, ‘జ్వీద్కి’ ఎక్కడినుంచి. జవాబులూ మూడు. ‘తుత్’ ఇక్కడ, ‘స్యుదీ’ ఇక్కడికి, ‘జ్వీద్సి’ ఇక్కడినుంచి. ‘తామ్’ అక్కడ, ‘తుదీ’ అక్కడికి, ‘జ్వీద్తి’ అక్కడినుంచి. తెలుగు పట్టికను పక్కన పెడితే గడి గడికీ సరిపోతుంది. తేడా అల్లా తెలుగు ప్రత్యయం తగిలిస్తుంది, ఉక్రేనియన్ వేరే మాటనే వాడుతుంది.

సంధి తెలిసినవారికి సులువుగా అర్థమయ్యే ఇంకో పద్ధతీ ఉంది. ‘ఇంట్లో’ అనే మాటకు ‘ఉదోమ’, ‘వ్దోమ’ అని రెండు రూపాలు. ముందున్న మాట హల్లుతో ముగిస్తే మొదటిది, అచ్చుతో ముగిస్తే రెండోది. ‘విన్ ఉదోమ’ అతను ఇంట్లో ఉన్నాడు. ‘వొనా వ్దోమ’ ఆమె ఇంట్లో ఉంది. హల్లుల గుంపు నోటికి అడ్డం పడకుండా, అచ్చులు ఒకదానికొకటి తగలకుండా చేసుకున్న ఏర్పాటిది. భాష చెవికి ఇంపుగా ఉండాలన్న ఈ నియమాన్ని ఉక్రేనియన్ వ్యాకరణాలు ప్రత్యేకంగా బోధిస్తాయి.

‘ఎప్పుడూ’ తర్వాత ‘లేదు’

‘నికోలి’ అంటే ఎప్పుడూ, కానీ వ్యతిరేకార్థంలో మాత్రమే. దాని తర్వాత క్రియకు ‘నె’ అనే వ్యతిరేక పదం తప్పనిసరి. ‘నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు’ అన్నట్టే. ఇంగ్లిష్‌లో ‘నెవర్’ వచ్చాక మళ్లీ ‘నాట్’ పెడితే తప్పు. ఇక్కడ పెట్టకపోతే తప్పు.

అయితే ఊనిక ఎక్కడ పడిందో చూసుకోవాలి. రెండో అక్షరం మీద ఒత్తి ‘నికోలి’ అంటే ఎప్పుడూ. మొదటి అక్షరం మీద ఒత్తి ‘నీకొలి’ అంటే తీరిక లేదు. ‘మెనీ నీకొలి’, నాకు తీరిక లేదు. ఇక్కడా ‘నాకు’ అనే విభక్తే. రాతలో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చదివేవారు సందర్భాన్ని బట్టి ఊనిక పెట్టుకోవాలి.

చదువుతూ, చదివి

ఉక్రేనియన్ వ్యాకరణంలో ‘దియెప్రిస్లీవ్నిక్’ అనే ఒక తరగతి ఉంది. క్రియ, క్రియావిశేషణం రెండూ కలిసిన మాట. ‘చితాయుచి’ అంటే చదువుతూ, ‘ప్రొచితావ్షి’ అంటే చదివి. తెలుగు వ్యాకరణం వీటినే శత్రర్థకం, క్త్వార్థకం అంటుంది. ఇంగ్లిష్ మీదుగా వచ్చేవారికి ఇవి కొరకరాని కొయ్యలు. తెలుగువారికి చిన్ననాటి పాఠాలు.

కానీ సరిగ్గా ఇక్కడే తెలుగు అలవాటు దెబ్బతీస్తుంది. ‘ఆ ఉత్తరం చదివి నాకు దిగులేసింది’ అనేది తెలుగులో సహజమైన వాక్యం. అదే వాక్యాన్ని ఉక్రేనియన్‌లోకి మారిస్తే, ‘ప్రొచితావ్షి’ తర్వాత ‘మెనీ’ వస్తుంది. ఉక్రేనియన్ వ్యాకరణ పుస్తకాలు తప్పుకు ఉదాహరణగా చూపించేది ఇలాంటి వాక్యాలనే. చదివిందెవరో, ప్రధాన క్రియ చేసిందీ వాళ్లే కావాలి. ఆ కర్త ప్రథమా విభక్తిలో ఉండాలి. ‘నాకు’ అనే మనిషి అక్కడ కర్త కాదు. కాబట్టి ‘నేను ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు దిగులేసింది’ అని విడదీసి చెప్పాలి. తెలుగు ఈ విషయంలో ఉదారం. ఉక్రేనియన్ కచ్చితం.

ఒక్క మాటలో రెండు దేశాలు

ఉక్రేనియన్, రష్యన్ రెండూ తూర్పు స్లావ్ శాఖకు చెందినవి. వ్యాకరణం చట్రం చాలావరకు ఒకటే. రోజువారీ క్రియావిశేషణాల దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. బాగా అనడానికి ఉక్రేనియన్‌లో ‘దోబ్రె’, రష్యన్‌లో ‘ఖరషో’. చాలా అనడానికి ‘దూజె’, ‘ఓచెన్’. వేగంగా అనడానికి ‘ష్విద్కొ’, ‘బీస్త్ర’. ఎక్కువ అనడానికి ‘బహాతొ’, ‘మ్నోగ’. కొంచెం అనడానికి ‘త్రోఖి’, ‘నిమ్నోగ’. ఉక్రేనియన్ మాటల్లో చాలావాటికి దగ్గరి బంధువులు పోలిష్‌లోనే దొరుకుతాయి. శతాబ్దాల పాటు పోలండ్-లిథువేనియా రాజ్యంలో భాగంగా ఉన్న నేలకు అది సహజం.

ఈ తేడా చెరిగిపోవడానికి పాలకులూ ప్రయత్నించారు. రష్యా సామ్రాజ్యంలో 1863 నాటి వాలుయెవ్ ఉత్తర్వు ఉక్రేనియన్‌లో విద్యా, మత గ్రంథాల ముద్రణను ఆపింది. 1876లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి జారీ చేసిన ఎమ్స్ ఫర్మానా ఆ ఆంక్షలను ఇంకా బిగించింది. ఆ గడ్డుకాలంలో పోగేసిన పదాలతోనే బొరీస్ హ్రీన్‌చెంకో నాలుగు సంపుటాల నిఘంటువు 1907-1909 మధ్య వెలువడింది. సోవియట్ పాలన తొలి దశలో ఉక్రేనియన్‌కు ప్రోత్సాహం దక్కింది. 1928లో ఖార్కివ్‌లో ఏకీకృత వర్ణక్రమ నియమాలు ఖరారయ్యాయి. అయిదేళ్లకే గాలి తిరిగింది. ఆ నియమాల వెనక నిలిచిన విద్యా కమిసార్ మికోలా స్క్రిప్నిక్ 1933 జులైలో ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది నియమాలను రష్యన్‌కు దగ్గరగా తిరగరాశారు. ‘గ’ ధ్వనికి ఉన్న ప్రత్యేక అక్షరాన్ని కూడా తొలగించారు. అది తిరిగి వర్ణమాలలో చేరింది 1990లోనే.

పుస్తకాల మీద ఆంక్షల కంటే లోతుగా పనిచేసింది రోజువారీ జీవితం. ఆఫీసు, ఫ్యాక్టరీ, సైన్యం, పెద్ద నగరం, అన్నింటా రష్యనే నడిచింది. పల్లె నుంచి పట్నం వచ్చినవారి నోట రెండూ కలిశాయి. ఆ కలగలుపు భాషను ‘సూర్జిక్’ అంటారు. గోధుమలో మరో ధాన్యం కలిపి ఆడించిన పిండికి ఉన్న పేరది. సూర్జిక్‌లో వాక్యం ఉక్రేనియన్‌ది, క్రియ ఉక్రేనియన్‌ది, మధ్యలో ‘ఇప్పుడు’, ‘కూడా’, ‘ఎల్లప్పుడూ’, ‘బాగా’ అనే చోట మాత్రం రష్యన్ తొంగిచూడడం మామూలే.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి తెలుగు సంభాషణ వింటే చాలు. ‘ఆల్రెడీ తిన్నాను’, ‘సడెన్‌గా వచ్చాడు’, ‘ఫాస్ట్‌గా వెళ్లు’ అని రోజూ అంటుంటాం. తెలంగాణలో ‘జల్దీ రా’ అనడం తరాల నాటి అలవాటు. నామవాచకాన్ని ఎంచుకునేటప్పుడు మనసు కాస్త ఆగుతుంది. క్రియావిశేషణం దగ్గర ఆగదు. అది రూపం మారని మాట కాబట్టి ఏ వాక్యంలోనైనా అతుకు కనిపించకుండా ఇమిడిపోతుంది. తెలుగులో ఇంగ్లిష్ చేరిన తీరూ, ఉక్రేనియన్‌లో రష్యన్ చేరిన తీరూ ఒకటి కాదు. కానీ మాట జారే చోటు ఒక్కటే.

చట్టం, యుద్ధం, అలవాటు

1996 రాజ్యాంగం ఉక్రేనియన్‌ను ఏకైక రాజభాషగా ప్రకటించింది. 2001 జనగణనలో 67.5 శాతం మంది ఉక్రేనియన్‌ను, 29.6 శాతం మంది రష్యన్‌ను మాతృభాషగా చెప్పుకున్నారు. 2019 ఏప్రిల్‌లో పార్లమెంటు రాజభాషా చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2021 జనవరి 16 నుంచి దుకాణాలు, హోటళ్లలో వినియోగదారులను ముందుగా ఉక్రేనియన్‌లోనే పలకరించాలి. 2019లోనే కొత్త వర్ణక్రమ నియమాలూ వచ్చాయి. 1928 నాటి కొన్ని రూపాలకు వాటిలో మళ్లీ చోటు దక్కింది. రష్యన్ మాట్లాడేవారి హక్కులకు ఈ చట్టం తగినంత చోటివ్వలేదన్న విమర్శలు దేశం లోపలా బయటా వచ్చాయి. శతాబ్దాల అణచివేతకు ఇది సవరణ అన్నది సమర్థకుల వాదన.

2022 తర్వాత చట్టంతో పని లేకుండానే ఎంతోమంది రష్యన్ వదిలి ఉక్రేనియన్‌కు మారారు. పుట్టినప్పటి నుంచి రష్యన్ మాట్లాడినవారికి వ్యాకరణం రానిది కాదు, బడిలో చదివిందే. వారిని పట్టించేవి చిన్న మాటలు. తొందరలో, కోపంలో, భయంలో నోటికొచ్చేది ‘జారజ్’ కాదు, ‘సిచాస్’.

శుద్ధివాదులు ఇక్కడే అతి చేసే ప్రమాదం ఉంది. రష్యన్‌లో ఉన్న ప్రతి మాటా రష్యన్ నుంచి వచ్చింది కాదు. ‘తుత్’, ‘తామ్’, ‘జావ్త్ర’ (రేపు) రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. సూర్జిక్ మాట్లాడే అవ్వను తప్పుపట్టడం వల్ల భాష బాగుపడదు. పల్లెల్లో ఉక్రేనియన్‌ను ఇన్నాళ్లూ నోట నిలిపి ఉంచినవారిలో వారూ ఉన్నారు. స్టాలిన్ కాలంలో శిబిరాల పాలైన రచయిత బొరీస్ అంతొనెంకో-దవిదోవిచ్ 1970లో మాటల వాడుకపై ‘మనం ఎలా మాట్లాడుతున్నాం’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం తెచ్చారు. భాషపై శ్రద్ధ ఉన్నవారు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

‘ఉక్రేనియన్‌లో’ అని చెప్పడానికే మూడు తీర్లు వినిపిస్తాయి. ‘ఉక్రయీన్స్‌కొయు’ అనడం ఇప్పటి ప్రామాణిక వాడుక. ‘పొ-ఉక్రయీన్స్‌కి’ అనేది అడ్డగీతతో రాసే అచ్చమైన క్రియావిశేషణం, ఇంటి మాట. ‘భాష మీద’ అన్నట్టుగా ‘న’ చేర్చి చెప్పే మూడో తీరు రష్యన్ అచ్చులో పోసినది, దాన్ని వద్దంటారు. ఏ భాషలో మాట్లాడుతున్నారో చెప్పే మాటలోనే ఏ భాష నీడ ఉందో తెలిసిపోతుంది.

వార్డులో మంచం మీద ఉన్న రోగి వీటిలో ఏదీ ఆలోచించడు. ఒకరు ‘మెనీ పొహానొ’ అంటారు, మరొకరు రష్యన్‌లో ‘మ్నే ప్లోఖ’ అంటారు. రెండింటికీ అర్థం ‘నాకు బాగోలేదు’ అనే. వినేవారికి రెండూ తెలిసి ఉండాలి. ముందుగా ‘నాకు’ అనే మాటను పట్టుకుని, దాని పక్కనున్న మారని మాట కోసం చెవి పెట్టాలి. తెలుగు వచ్చినవారికి ఆ వాక్యం కొత్తది కాదు. నేర్చుకోవాల్సింది అందులోని మాటలనే.